గ్లాసుడు ఉప్పునీళ్ళు, ఒక ‘ఎందుకు’

“అమ్మా, ఉప్పంటే సోడియం క్లోరైడే కదా! ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపితే సోడియం రావాలి. మరి హైడ్రోజన్ వస్తుందని ఎందుకు రాయాలి?”

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ప్రశ్న ఇది. క్లాసులో అడిగితే “పరీక్షలో అదే అడుగుతారు, రాసుకో” అన్నారట. మళ్ళీ అడిగితే పిల్లలంతా గొల్లున నవ్వారట. “ఇంకెప్పుడూ ఏమీ అడగనమ్మా” అంది ముఖం ముడుచుకుని.

ఆ మాటకి నా మనసు చివుక్కుమంది. నేనూ బియస్సీ చదివినదాన్నే. ఋణధ్రువం దగ్గర హైడ్రోజన్, ధనధ్రువం దగ్గర క్లోరిన్ అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఎందుకని మాత్రం ఏనాడూ అడగలేదు. “పద, చేసి చూద్దాం” అన్నాను.

వంటగట్టే మా ప్రయోగశాల. గ్లాసుడు నీళ్ళు, రెండు చెంచాల ఉప్పు, చిటికెడు పసుపు, 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైర్లు. మొదట వైర్ల చివర్లే నీళ్ళలో ముంచాం. కాసేపటికే నీళ్ళు మురికిగా తయారయ్యాయి. ధనధ్రువం దగ్గర రాగి తానే కరిగిపోతుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది! నీళ్ళు మార్చి, ఈసారి రెండు పెన్సిళ్ళు తీసుకుని రెండువైపులా చెక్కాం. పైకొనలకి వైర్లు చుట్టి, కిందికొనలు నీళ్ళలో ముంచాం. పెన్సిలు లోపల ఉండేది గ్రాఫైటు కనుక రాగిలా కరగదు.

రెండు కొనల దగ్గరా బుడగలు మొదలయ్యాయి. ఋణధ్రువం చుట్టూ పసుపు రంగు మెల్లగా ఎర్రబడింది. అప్పుడే వంటింట్లోకి వచ్చిన మా అత్తగారు గ్లాసు చూసి, “పసుపునీళ్ళలో సున్నం ఎవరు కలిపారే?” అన్నారు.

ఎన్ని పెళ్ళిళ్ళకి పారాణి కలిపిన చేతులో అవి! లిట్మస్ కాగితం పేరైనా వినని ఆవిడ క్షారాన్ని ఒక్క చూపులో పట్టేశారు. సున్నం వేయలేదు కానీ, అక్కడ క్షారమే పుట్టింది.

రెండోవైపు బ్లీచింగ్ పౌడర్ వాసన. అదే క్లోరిన్. ఉప్పు బాగా పలచనైతే అక్కడ ఆక్సిజన్ కూడా వస్తుంది.

ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. సోడియం అయాన్ ఎలక్ట్రాన్ పుచ్చుకుని లోహంగా మారడం చాలా కష్టం. నీళ్ళకి ఆ పని అంతకంటే సులువు. అందుకని ఎలక్ట్రాన్లు నీళ్ళే తీసుకుని హైడ్రోజన్‌ని వదిలేస్తాయి. హైడ్రాక్సైడ్ మిగులుతుంది. సోడియం అయాన్లు నీళ్ళలోనే ఉండిపోతాయి. ఈ రెండూ కలిస్తేనే కాస్టిక్ సోడా. సబ్బుల తయారీలో వాడేది ఇదే. ఫ్యాక్టరీల్లో దీన్ని ఉప్పునీళ్ళ నుంచే తీస్తారు.

మరి సోడియం రానే రాదా? వస్తుంది! 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కాస్టిక్ సోడాని కరిగించి, అందులోకి కరెంటు పంపి సోడియం తీశాడు. అది నీళ్ళలో కలిపిన ద్రావణం కాదు, కరిగిన కాస్టిక్ సోడా. అంటే మా అమ్మాయి ఊహ తెలివితక్కువదేమీ కాదు. పక్కన నీళ్ళు లేకపోతే అది నిజమే!

మీరూ చేయాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. కిటికీలు తెరిచి, రెండు మూడు నిమిషాలకే ఆపేయండి. క్లోరిన్ ఊపిరికి మంచిది కాదు, దగ్గరగా వాసన చూడకండి. ఆ నీళ్ళు చేతికి తగలనీయకుండా, నిండా మంచినీళ్ళు కలిపి పారబోయండి. గోడకున్న ప్లగ్గు జోలికి మాత్రం పోనేవద్దు. బ్యాటరీ చాలు.

మర్నాడు అమ్మాయి నోట్సు చూశాను. క్లాసులో చెప్పించి రాయించిన జవాబు అలాగే ఉంది. దాని కింద పెన్సిలుతో ‘ఎందుకంటే...’ అని మొదలుపెట్టి నాలుగు లైన్లు సొంతంగా రాసుకుంది.

నా బియస్సీ నోట్సులో ఆ నాలుగు లైన్లు లేవు.