అద్భుత నవల – ఎంపికలో వివేకం

కథ వినాలనే కుతూహలం మానవునికి సహజమైనది. అందులోనూ వింత కథల మీద మక్కువ మరింత ఎక్కువ. రెక్కల గుర్రాలు, మాట్లాడే చిలుకలు, మంత్రపుటుంగరాలు లోకంలో లేవని పాఠకునికి తెలుసు. అయినా పుస్తకం తెరిచిన కొద్దిసేపటికే అతడు వాటిని నమ్ముతాడు. కథానాయకుడు ఆపదలో పడితే కలవరపడతాడు. లేదని తెలిసిన దానిని ఉన్నదని ఎలా నమ్ముతున్నాడు? సెలవు దినాలలో చదువుకోవడానికి మంచి అద్భుత నవలను ఎంపిక చేసుకోదలచిన విద్యార్థి మొదట ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

నిజజీవితంలో సంభవించని సంఘటనలను ఆధారం చేసుకొని, వాటికి తగిన కల్పిత లోకాన్ని నిర్మించే నవలను అద్భుత నవల అంటారు. ఫాంటసీ నవల అనే వ్యవహారం కూడా ఉంది. నవలాప్రక్రియ ఆధునికమైనదే కాని, అద్భుత కథనం మనకు కొత్త కాదు. మన ఆలంకారికులు అద్భుతాన్ని రసాలలో ఒకటిగా పరిగణించి, విస్మయాన్ని దానికి స్థాయీభావంగా నిర్ణయించారు. గుణాఢ్యుని బృహత్కథ సాతవాహన రాజాస్థానానికి సంబంధించినదని సంప్రదాయం చెబుతుంది. ఆ కథలనే 11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’గా సంస్కృతంలో రచించాడు. తెలుగులో మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీమజిలీ కథలు’ ఎన్నో ఇళ్లలో పఠనాభిరుచిని పెంచాయి. 1947లో ప్రారంభమైన ‘చందమామ’ మాసపత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రచించిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’ వంటి ధారావాహికల కోసం పిల్లలతోపాటు పెద్దలూ ఎదురుచూసేవారు.

అయితే వింతలున్న ప్రతి పుస్తకమూ మంచి పుస్తకం కాదు. మంచిచెడ్డలను గుర్తించడానికి కొన్ని కొలబద్దలు ఉన్నాయి.

మొదటిది నియమబద్ధత. కల్పిత లోకానికీ దానిదైన ధర్మం ఉండాలి. ప్రఖ్యాత ఆంగ్ల రచయిత టోల్కీన్ 1939లో అద్భుత కథలను గురించి చేసిన ఉపన్యాసంలో ఈ విషయాన్ని వివరించాడు. రచయిత మరొక లోకాన్ని సృష్టిస్తాడు. ఆ లోకపు నియమాలకు కట్టుబడి ఉన్నంతవరకు అక్కడ జరిగేదంతా పాఠకునికి సత్యమే. అపనమ్మకం కలిగిన క్షణాన ఆ మాయ విడిపోతుందని ఆయన అభిప్రాయం. 9వ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని చెప్పాడు. కాలదేశాలు వేరైనా ఇద్దరి ఆలోచనా దాదాపు ఒక్కటే. మొదటి అధ్యాయంలో ఏరు దాటలేక పడవ కోసం పరితపించిన వీరుడు, పదవ అధ్యాయంలో ఏ కారణమూ లేకుండా ఆకాశంలో ఎగిరిపోతే పాఠకుడు అబ్బురపడడు; విసుగు చెందుతాడు.

రెండవది మాయకు చెల్లించవలసిన మూల్యం. కోరిన వెంటనే కష్టం తీర్చే మంత్రం చేతిలో ఉంటే కథకు ఉత్కంఠ ఉండదు. 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడిన టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లోని ఉంగరం ధరించినవారిని అదృశ్యులను చేస్తుంది. కాని ధరించినకొద్దీ అది వారి మనస్సును లోబరచుకుంటుంది. అందువల్ల శత్రువుతో పోరాటం కంటె తన లోపలి ఆశతో పోరాటమే ఆ నవలలో కఠినమైనది. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో ప్రచురించిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లోనూ ఇటువంటి కల్పనే ఉంది. అందులోని గెడ్ మంత్రవిద్య నేర్చుకుంటున్న యువకుడు. తోటి విద్యార్థిపై తన ఆధిక్యాన్ని నిరూపించుకోవాలనే అహంకారంతో చేయరాని ప్రయోగం చేసి, ఒక భయంకరమైన నీడను లోకంలోకి విడిచిపెడతాడు. ఆ నీడ అతనిని వెంటాడుతుంది. విద్య ఉన్నా వినయం లేకపోతే ఏమవుతుందో ఆ కథ ఉపదేశం చేయకుండానే తెలుపుతుంది.

మూడవది కథాసంవిధానం. వింతలను వరుసగా పేర్చినంత మాత్రాన నవల కాదు. ప్రతి వింతా కథను ముందుకు నడిపించాలి. ఇందుకు 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ మంచి నిదర్శనం. ఇది పద్యకావ్యమే అయినా దీని కథానిర్మాణం నవలను తలపిస్తుంది. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ లోకంలో యథార్థంగా జరగడం ఇందులోని మూలకల్పన. పరస్పర సంబంధం లేనట్లు కనిపించిన సంఘటనలు ముందుకు సాగినకొద్దీ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో ఈ కావ్యాన్ని ప్రత్యేకంగా చర్చించారు.

నాలుగవది మానవస్వభావ చిత్రణ. లోకం కల్పితమైనా అందులోని భయం, స్నేహం, త్యాగం నిజమైనవి కావాలి. టోల్కీన్ 1937లో ప్రచురించిన ‘ది హాబిట్’లో కథానాయకుడు బిల్బో మహావీరుడు కాడు, ఇంటిపట్టున సుఖంగా ఉండాలని కోరుకునే సామాన్యుడు. అతడు భయపడుతూనే అడుగు ముందుకు వేస్తాడు. భయం లేకపోవడం ధైర్యం కాదని, భయాన్ని జయించడమే ధైర్యమని పాఠకుడు గ్రహిస్తాడు.

ఈ నాలుగింటితోపాటు పాఠకుడు తన అభిరుచిని, అవకాశాన్ని కూడా గమనించుకోవాలి. పది రోజుల సెలవులకు బృహత్ సంపుటాలు భారమవుతాయి. ‘ఎర్త్‌సీ’ వంటి చిన్న నవల సరిపోతుంది. గ్రంథమాల అయితే అది పూర్తయినదో లేదో తెలుసుకొని మొదటి సంపుటంతో ఆరంభించాలి. 1997 నుండి 2007 వరకు ఏడు సంపుటాలుగా వెలువడిన జె.కె. రౌలింగ్ ‘హారీ పాటర్’ నవలలలో మొదటిది దానికదే ఒక కథగా ముగుస్తుంది. తృప్తి కలిగితే మిగిలినవి చదవవచ్చు. అట్టమీది బొమ్మను గాని, ఇతరుల పొగడ్తను గాని నమ్మి పుస్తకం తీసుకోవడం కంటె, గ్రంథాలయంలో కూర్చుని మొదటి ఇరవై పుటలు చదివి చూడడం మేలు. భాష సాఫీగా సాగుతున్నదా? తరువాత ఏమవుతుందనే ఆసక్తి కలుగుతున్నదా? ఈ రెండింటికీ సమాధానం లేదని తోస్తే ఆ పుస్తకాన్ని నిస్సంకోచంగా పక్కన పెట్టవచ్చు. విరామ పఠనంలో నిర్బంధానికి తావులేదు.

ఇటువంటి పుస్తకాలు కాలహరణమని, బాధ్యతల నుండి పారిపోవడమని కొందరు పెద్దలు భావిస్తారు. ఆ మాటలో కొంత సత్యం లేకపోలేదు. కేవలం వింతల కోసమే వింతలను గుప్పించే రచనలు చదివిన మరునాటికే మరుగున పడతాయి. కాని ఉత్తమమైన అద్భుత రచన పాఠకుని లోకం నుండి దూరం చేయదు. గెడ్ కథ చదివిన విద్యార్థికి తన తరగతిలోని స్పర్ధ, తనలోని అహంకారం కొత్తగా కనిపిస్తాయి. భాషాభ్యాసానికీ ఈ పఠనం తోడ్పడుతుంది. దేవకీనందన్ ఖత్రీ 1888లో రచించిన ‘చంద్రకాంత’ను చదవడం కోసమే ఎందరో హిందీ నేర్చుకున్నారని ప్రతీతి. నిఘంటువు ముందు కూర్చోబెట్టినా నిలవని మనస్సును ఒక మంచి కథ పుటల వెంట నడిపిస్తుంది. తెలియని పదానికి అర్థం సందర్భమే చెబుతుంది. తెలుగును ద్వితీయభాషగా అభ్యసించేవారు ‘చందమామ’ ధారావాహికలతో ఆరంభించి, ‘కాశీమజిలీ కథలు’ మీదుగా, క్రమంగా ‘కళాపూర్ణోదయం’ కథను వచనంలో చదివే స్థాయికి చేరుకోవచ్చు.

విరామకాలం విద్యార్థికి దొరికే అరుదైన సొంత సమయం. దానిని ఏ పుస్తకానికి ఇవ్వాలో నిర్ణయించుకోవడం కూడా ఒక విద్యయే. చదువుతున్నంతసేపు మరో లోకంలో విహరింపజేసి, పుస్తకం మూసిన తరువాత ఈ లోకాన్ని మరింత శ్రద్ధగా చూసేటట్లు చేసేదే మంచి అద్భుత నవల.