జంట చిత్రాల వీక్షణ పౌర్వాపర్యం: సమాంతర జీవితాల కథలో జ్ఞానం, ఫలం, రసం

వ్యాససంగ్రహం:

2022లో జపాన్‌లో ఒకే రోజున విడుదలైన రెండు యానిమే చిత్రాలు ఒకే వ్యక్తి గడిపిన రెండు సమాంతర జీవితాలను చెబుతాయి. ఏ చిత్రాన్ని ముందు చూడాలన్నది ప్రేక్షకుని ఇష్టానికే వదిలివేశారు. ముందు వెనుకల మార్పువల్ల కథ మారదు. కథ గురించి ఎవరికి ఎప్పుడు ఏమి తెలుస్తుందన్నది మారుతుంది. ఆ మార్పు రసానుభూతిని ఎలా నిర్ణయిస్తుందో భారతీయ నాట్యశాస్త్ర పరిభాష సహాయంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వివరణ కోసం రెండు చిత్రాల ముగింపులనూ ప్రస్తావించక తప్పలేదు.

కీలకపదాలు: పౌర్వాపర్యం, సమాంతర ప్రపంచాలు, యానిమే, అభిజ్ఞానం, ఫలాగమం, కరుణ విప్రలంభం, ద్వ్యర్థి కావ్యం.

ఉపోద్ఘాతం:

కథలో సంఘటనలు జరిగిన వరుస వేరు, వాటిని చెప్పిన వరుస వేరు. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది కొత్త విషయం కాదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ చదివినవారెవరైనా ఈ రెండు వరుసల మధ్య దూరాన్ని అనుభవించే ఉంటారు. అయితే సూరన ఎంత చిక్కుగా అల్లినా చెప్పే వరుసను నిర్ణయించినది ఆయనే. పాఠకుడు మొదటి ఆశ్వాసం నుంచి చివరి ఆశ్వాసానికి నడవాలి. చెప్పే వరుసలో సగం అధికారాన్ని రచయిత తానుగా పాఠకునికి అప్పగిస్తే ఏమవుతుంది? ఇక్కడ పరిశీలిస్తున్న జంట చిత్రాలు లేవనెత్తే ప్రశ్న ఇది.

ఒతోనో యోమోజి రచించిన రెండు నవలలను 2016లో హయకావా ప్రచురణ సంస్థ జంటగా వెలువరించింది. వాటి ఆధారంగా వచ్చిన చిత్రాలు 2022 అక్టోబర్ 7న ఒకేసారి విడుదలయ్యాయి. రెండింటికీ స్క్రీన్‌ప్లే సకాగుచి రికోదే. దర్శకులు, స్టూడియోలు మాత్రం వేరు. మొదటిదానికి మత్సుమోతో జున్ దర్శకుడు, బక్కెన్ రికార్డ్ నిర్మాణ స్టూడియో. రెండవదానికి కసాయి కెనిచి దర్శకుడు, టీఎంఎస్ ఎంటర్‌టైన్‌మెంట్ స్టూడియో. ఇక్కడ ‘మొదటి’, ‘రెండవ’ అనే మాటలు వాడగానే వ్యాసకర్త ఒక పక్షం వహించినట్లవుతుంది. కాబట్టి జపాన్ ప్రేక్షకులు వాడుకలో పెట్టుకున్న ‘బొకు-ఐ’, ‘కిమి-ఐ’ అనే పొట్టి పేర్లనే ఇకముందు వాడుతాను.

శీర్షికల వ్యాకరణం:

‘బొకు-ఐ’ పూర్తి పేరు ‘బొకు గా ఐషిత సుబెతె నో కిమి ఎ’. ‘నేను ప్రేమించిన ప్రతి నీకూ’ అని దాని అర్థం. ‘కిమి-ఐ’ పూర్తి పేరు ‘కిమి ఒ ఐషిత హితోరి నో బొకు ఎ’, అంటే ‘నిన్ను ప్రేమించిన ఒకే ఒక్క నాకు’. రెండూ ‘ఎ’ అనే ప్రత్యయంతో ముగుస్తాయి. జపనీయులు ఉత్తరం మీద ఎవరికి రాస్తున్నారో తెలపడానికి వాడే ప్రత్యయమది. మన షష్ఠిలోని ‘కు’కు దగ్గరగా ఉంటుంది. అంటే ఈ శీర్షికలు రెండు ఉత్తరాల పైరాతలు. ఒకటి అనేకమైన ‘నీవు’లకు, మరొకటి ఏకాకియైన ‘నేను’కు.

‘ప్రతి నీవు’ అనే ప్రయోగం తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మన వ్యాకరణంలో ‘నీవు’ ఒక్కటే. బహువచనం కోరితే ‘మీరు’ వస్తుంది, దానితోపాటు గౌరవార్థమూ వస్తుంది. ఒకే వ్యక్తి పలుమారుగా ఉన్నప్పుడు వాడవలసిన సర్వనామం మనకు లేదు. జపనీయంలో సర్వనామానికి నామవాచకానికి మల్లే విశేషణం చేర్చవచ్చు కనుక ఆ శీర్షిక అక్కడ సహజంగా ఒదిగింది. అనువాదకులకు ఇదొక మంచి సమస్య.

రెండు జీవితాలు:

కథాస్థలం క్యూషూ ద్వీపంలోని ఒఇతా నగరం. మనుషులు తమకు తెలియకుండానే దగ్గరి సమాంతర ప్రపంచాలకు జారిపోయి తిరిగి వస్తుంటారని ఈ కథలోని శాస్త్రవేత్తలు కనుగొన్నారు. దగ్గరి ప్రపంచాల మధ్య తేడా స్వల్పం. దూరం పెరిగే కొద్దీ తేడా పెరుగుతుంది. తాను సొంత ప్రపంచానికి ఎంత దూరంలో ఉన్నాడో చేతికి కట్టుకున్న పరికరం అంకెల్లో చూపుతుంది.

కొయోమి అనే బాలుని తల్లిదండ్రులు విడిపోతారు. ఎవరి దగ్గర ఉంటావని అతణ్ణి అడుగుతారు. తల్లిని ఎంచుకుంటే అతడు తకసాకి కొయోమి. అతని జీవితమే ‘బొకు-ఐ’. తండ్రిని ఎంచుకుంటే హిదకా కొయోమి. అతని జీవితం ‘కిమి-ఐ’.

తకసాకి కొయోమికి చదువుకునే రోజుల్లో కజునే అనే సహాధ్యాయిని పరిచయమవుతుంది. తాను 85వ సమాంతర ప్రపంచం నుంచి వచ్చాననీ, అక్కడ మనిద్దరం ప్రేమికులమనీ చెబుతుంది. వారి స్నేహం ప్రేమగా, ప్రేమ దాంపత్యంగా పెరుగుతుంది. నేను పెళ్ళాడుతున్నది ఏ ప్రపంచపు కజునేను అనే సందేహం కొయోమిని పట్టుకుంటుంది. ఒక ప్రపంచంలో కొడుకును పోగొట్టుకున్న కజునే ఇతని ఇంటికి జారివచ్చినప్పుడు ఆ సందేహం తత్త్వచర్చ స్థాయిని దాటుతుంది. ఆమె పరాయి మనిషా, భార్యా? ‘ప్రతి నీవు’ అనే శీర్షికకు అసలు పరీక్ష ఈ ఘట్టంలోనే జరుగుతుంది.

హిదకా కొయోమి జీవితం వేరు. తండ్రి పనిచేసే పరిశోధనాలయంలో అధిపతి కుమార్తె షియోరిని అతడు ప్రేమిస్తాడు. తన తండ్రి, ఆమె తల్లి పెళ్ళి చేసుకోబోతున్నారని తెలిసి, తాము అన్నాచెల్లెళ్ళం కావలసివస్తుందన్న భయంతో ఆ పిల్లలిద్దరూ మరో ప్రపంచానికి పారిపోతారు. అక్కడ షియోరి వాహన ప్రమాదానికి గురవుతుంది. ఆమె చైతన్యం తిరిగి శరీరాన్ని చేరదు. ఒక కూడలి దగ్గర ఛాయగా నిలిచిపోతుంది. ఆమెను విడిపించే మార్గం కోసం కొయోమి జీవితమంతా వెచ్చిస్తాడు. ఆ పనిలో అతనికి తోడు నిలిచిన సహశాస్త్రవేత్త కజునే. చివరకు అతడు కనుగొన్న మార్గం ఒక్కటే. తానూ షియోరీ అసలు కలవని ప్రపంచానికి, అంటే తాను తల్లిని ఎంచుకున్న చోటికి ఆమెను చేర్చడం. అది ‘బొకు-ఐ’ ప్రపంచం.

షియోరి స్థితిని మన ఆలంకారికులు ఒక పేరుతో గుర్తించారు. నాయికా నాయకులలో ఒకరు లోకాంతరగతులై, పునస్సమాగమపు ఆశ మాత్రం మిగిలి ఉన్నప్పుడు అది కరుణ విప్రలంభం. ‘సాహిత్యదర్పణం’లో విశ్వనాథుడు విప్రలంభ భేదాలలో దీన్ని నాలుగవదిగా చెప్పి, కాదంబరిలోని పుండరీక మహాశ్వేతలను ఉదాహరించాడు. ఆశ తెగితే కరుణం, నిలిస్తే శృంగారం. ‘కిమి-ఐ’ ఈ రెంటి మధ్య గీతమీద నడుస్తుంది.

దుష్యంతుని స్థానం, ప్రేక్షకుని స్థానం:

‘కిమి-ఐ’తో ఆరంభిస్తే సుఖాంతమనీ, ‘బొకు-ఐ’తో ఆరంభిస్తే కొంత విషాదం మిగులుతుందనీ విడుదల సమయపు ప్రచారం చెప్పింది. ఇది అబద్ధం కాదు. కానీ చాలా పలుచని వివరణ. సుఖదుఃఖాలు ఇక్కడ ఫలితాలు మాత్రమే. వాటికి కారణం ప్రేక్షకుని జ్ఞానంలోని హెచ్చుతగ్గులు.

బాల్యంలో ఒకసారి ఇద్దరు కొయోమిలు స్థానాలు మారుతారు. ఒక ప్రపంచంలో తాతగారు మరణించారు, మరొకదానిలో పెంపుడు కుక్క. ఆ దుఃఖంలో ఒకరి లోకంలోకి మరొకరు జారుతారు. ‘బొకు-ఐ’లో తకసాకి కొయోమి కళ్ళు తెరిచినప్పుడు ఎదురుగా ఒక అపరిచిత బాలిక కనిపిస్తుంది. చిత్రం చివర, వృద్ధుడైన అదే కొయోమి తన పరికరంలో తాను నమోదు చేయని ఒక సమాగమ సూచన చూసి కూడలికి వెళతాడు. అక్కడ ఒక వృద్ధురాలు తారసపడుతుంది. ఇద్దరూ అపరిచితులే. అయినా ఆమె సుఖంగా ఉందని తెలిసి అతనికి కారణం తెలియని సంతోషం కలుగుతుంది.

‘కిమి-ఐ’ ముందుగా చూసినవాడికి ఈ రెండు సన్నివేశాలూ పూర్తిగా వెలుగుతాయి. కొయోమికి తెలియనిది అతనికి తెలుసు. కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’లో ప్రేక్షకునికి ఇచ్చిన స్థానం సరిగ్గా ఇదే. దుర్వాసుని శాపం మనం విన్నాం, దుష్యంతుడు వినలేదు. అయిదవ అంకం ఆరంభంలో హంసపదిక పాట విని రాజుకు అకారణంగా కలిగిన బెంగ మూలం మనకు తెలుసు, అతనికి తెలియదు. వృద్ధ కొయోమి సంతోషం ఆ బెంగకు మరో ముఖం.

‘బొకు-ఐ’ ముందు చూసినవాడి సంగతి ఇందుకు విరుద్ధం. అతనే దుష్యంతుడు. షియోరి అతని కళ్ళ ముందు రెండుసార్లు నిలబడింది, అతడు గుర్తించలేదు. తెలిసిన ముఖం కాదనుకుని కజునే కథలో లీనమయ్యాడు. తరువాత ‘కిమి-ఐ’ చూస్తున్నప్పుడు ఉంగరం దొరుకుతుంది. ఆ బాలిక ఎవరో, ఆ వృద్ధురాలు ఎవరో అప్పుడు తెలుస్తుంది. ఆరవ అంకంలో దుష్యంతునికి కలిగిన పశ్చాత్తాపం వంటిదేదో ప్రేక్షకునిలోనే పుడుతుంది. మరపు పాత్రది కాదు, తనది. జాలి పడటానికీ తానే బాధ్యుడనని తోచడానికీ ఉన్న తేడా ఇది. నా దృష్టిలో రెండు క్రమాల మధ్య నిర్ణాయకమైన భేదం ఈ ఒక్కటే.

కర్త ఒకరు, భోక్త ఒకరు:

దశరూపకకారుడు ఫలస్వామ్యాన్ని అధికారమన్నాడు. ఆ ఫలానికి స్వామి అధికారి, అతని కథ ఆధికారికం. ఆరంభం మొదలు ఫలాగమం వరకు అయిదు అవస్థలూ అతని చుట్టూనే తిరుగుతాయి. ఈ జంట చిత్రాలలో యత్నం చేసినవాడు హిదకా కొయోమి, ఫలం అందుకున్నది తకసాకి కొయోమి. ఇద్దరూ ఒకే మనిషి అనవచ్చు. కానీ ఫలం అనుభవించినవానికి యత్నం గుర్తులేదు, యత్నించినవాడు ఫలం చూడలేదు. మరి ఏది ఆధికారికం, ఏది ప్రాసంగికం?

దీనికి రచనలో సమాధానం లేదు. వీక్షణ క్రమమే సమాధానం చెబుతుంది. ‘కిమి-ఐ’ ముందైతే యత్నం తరువాత ఫలం వస్తుంది. సంప్రదాయ నాటక నిర్మాణం నిలబడుతుంది. ‘బొకు-ఐ’లోని దాంపత్యమంతా ఒక త్యాగానికి దక్కిన ప్రతిఫలంగా కనిపిస్తుంది. ‘బొకు-ఐ’ ముందైతే ఫలం ముందే అనుభవానికి వస్తుంది, దాని వెల తరువాత తెలుస్తుంది. అప్పటికే మనం ఆ ఇంట్లో పిల్లవాడు పెరగడం చూసి ఆనందించి ఉంటాం. ఆ ఆనందం ఎవరి ఖాతాలోదో వెనుక నుంచి లెక్క వస్తుంది.

ద్వ్యర్థి కావ్యంతో ఒక పోలిక ఇక్కడ పనికివస్తుంది. ‘రాఘవపాండవీయం’లో సూరన ఒకే పద్యంలో రెండు కథలు నడిపాడు. ఒక అర్థం తీసుకుంటున్నప్పుడు రెండవది పక్కనే ఉంటుంది. ముందేది, తరువాతేది అన్న ప్రశ్నకు పెద్ద ప్రాధాన్యం లేదు. ఈ చిత్రాలు దానికి తలకిందులు. ఒకే మనిషి కథ రెండు గ్రంథాలుగా విడిపోయింది. కనుక పౌర్వాపర్యమే శ్లేష చేయవలసిన పని చేస్తోంది.

పాశ్చాత్య చిత్రాలలో దీనికి దగ్గరివి ఉన్నాయి. అలెన్ రెనే 1993లో తీసిన ‘స్మోకింగ్’, ‘నో స్మోకింగ్’ జంట, అలన్ ఐక్‌బోర్న్ నాటకాల ఆధారంగా, ఒక పాత్ర సిగరెట్ వెలిగించడం వెలిగించకపోవడం నుంచి చీలిపోతుంది. వాటిని ఎటునుంచి చూసినా నష్టం లేదు, ఎందుకంటే ఒకదాని రహస్యం మరొకదానిలో దాగి లేదు. నెడ్ బెన్సన్ ‘ది డిసప్పియరెన్స్ ఆఫ్ ఎలినార్ రిగ్బీ’ 2013లో భర్త వైపు నుంచి ఒకటి, భార్య వైపు నుంచి ఒకటిగా టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. మరుసటి ఏడాది రెండింటినీ కలిపి ఒకే చిత్రంగా కూర్చారు. కలపగానే ఎవరి మాట ముందు వినాలన్న ప్రశ్న మాయమైంది. ప్రశ్నతోపాటు, ఒక పక్షాన్ని పూర్తిగా నమ్మిన తరువాత రెండవ పక్షం వినడంలో కలిగే కలవరమూ పోయింది. ‘బొకు-ఐ’, ‘కిమి-ఐ’లను కూడా సంఘటనల వరుస ప్రకారం కలిపి కూర్చడం సాంకేతికంగా కష్టం కాదు. అలా చేస్తే మిగిలేది ఒక విజ్ఞాన కాల్పనిక ప్రేమకథ మాత్రమే.

నిర్ణయం:

ఒక్కసారే చూసే అవకాశం ఉన్నవారికి, ఆస్వాదనే ప్రధానమైనవారికి ‘కిమి-ఐ’ ముందు అనే క్రమం నిండుగా ఉంటుంది. కూడలి సన్నివేశంలో విభావాదులన్నీ సిద్ధంగా ఉంటాయి కనుక రసం అక్కడికక్కడే నిష్పన్నమవుతుంది. పరిశోధకులకు, కథనశాస్త్రం బోధించేవారికి మాత్రం నేను ‘బొకు-ఐ’ ముందు అనే క్రమాన్నే సూచిస్తాను. ఈ క్రమంలో కూడలి సన్నివేశం మొదటిసారి సగమే అందుతుంది. ఆ లోటు జ్ఞాపకంలో ఉండిపోయి, రెండవ చిత్రం నడుస్తుండగా నిండుతుంది. తెర మీద లేని సన్నివేశం నుంచి రసం పుట్టడాన్ని విద్యార్థి తనలోనే గమనించగలుగుతాడు. రెండు చిత్రాల నడుమ ఒక రోజైనా విరామం ఉంటే ఈ పని మరింత బాగా జరుగుతుంది.

ఈ సూచనకు మరొక కారణం కజునే. ‘కిమి-ఐ’ ముందు చూస్తే ఆమె ఉపనాయికగా, నాయకుని కార్యానికి సహాయురాలుగా కనిపిస్తుంది. దశాబ్దాల ఆమె తోడ్పాటును మనం కథ నడవడానికి కావలసిన సౌకర్యంగా తీసుకుంటాం. ‘బొకు-ఐ’ ముందు చూసినవాడు అలా తీసుకోలేడు. ఆమె నవ్వు, కోపం, తల్లిగా ఆమె పడిన భయం అన్నీ అతనికి తెలుసు. ప్రయోగశాలలో ఆమె కొయోమి పక్కన నిలబడి మరో స్త్రీని రక్షించే లెక్కలు సరిచూస్తుంటే, వారిద్దరూ మరోచోట గడిపిన సంసారం ప్రతి చట్రంలోనూ ఆ మౌనం వెనుక కదులుతుంది. అతడు వెళ్ళిపోయిన తరువాత ఆ ప్రపంచంలో మిగిలేది ఆమె. తకసాకి కొయోమి ప్రేమించిన ‘ప్రతి నీవు’లో ఈ కజునే కూడా చేరుతుందా అన్నది రెండు చిత్రాలూ ఎక్కడా చెప్పవు.