చేతులకూ కావాలి విరామం!

రాత్రివేళ వేళ్లు మొద్దుబారి మెలకువ వచ్చేస్తోందా? కాఫీ గ్లాసు పట్టు తప్పుతోందా? చేయి నాలుగుసార్లు విదిలించి, 'ఏదో నరం పట్టేసినట్టుంది' అనుకుని మళ్లీ పనిలో పడిపోతున్నారా? అయితే కాస్త ఆగండి. ఆ తిమ్మిరి సంగతేంటో ముందే తెలుసుకోవడం మంచిది.

బియ్యం మూట ఎత్తితే నడుం పట్టేసిందంటే అర్థం ఉంది. పిడికెడు బరువు లేని మౌస్ కదిపితే చేయి నొప్పి పుట్టడమేంటి? ఇక్కడ దెబ్బతీసేది బరువు కాదు, మళ్లీ మళ్లీ చేయడం. ఒకే కదలికను రోజుకు వేలసార్లు చేస్తే కండరాలూ, వాటిని ఎముకలకు కలిపే టెండాన్లూ అలిసిపోతాయి. కోలుకునే వ్యవధి దొరక్క నొప్పి మొదలవుతుంది. ఇలాంటి బాధలన్నిటికీ కలిపి డాక్టర్లు వాడే పేరు 'రిపిటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ'... పొట్టిగా ఆర్ఎస్ఐ.

కంప్యూటర్ కన్నా ముందే...

ఇది కంప్యూటర్లతో వచ్చిన జబ్బు అనుకుంటే పొరపాటే. వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీనీ 1700లోనే పుస్తకం రాశాడు. 1713 నాటి మలి ముద్రణలో, రోజంతా కలం కదిపే గుమాస్తాల చేతి బాధల గురించీ వివరించాడు. టెలిగ్రాఫ్ ఉద్యోగుల చేతులు బిగుసుకుపోవడాన్ని బ్రిటన్ 1908లో పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. కలం పోయి మోర్స్ మీట వచ్చింది, అదీ పోయి కీబోర్డు, ఆ తర్వాత సెల్‌ఫోన్ వచ్చాయి. పరికరాలు మారాయి, చేయి మాత్రం అదే!

ఏ వేలికి తిమ్మిరి?

మణికట్టు దగ్గర ఎముకలకూ, గట్టి పొరకూ మధ్య ఓ ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండాన్లూ, మీడియన్ అనే నరమూ అందులోంచే వెళ్లాలి. లోపల వాపు వస్తే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలు మాత్రం మామూలుగానే ఉంటుంది. ఇదే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. గర్భిణులకూ, మధుమేహం, థైరాయిడ్ సమస్యలున్నవారికీ ముప్పు ఎక్కువ.

బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే అది వేరు. పసిబిడ్డను పదేపదే ఎత్తుకునే తల్లుల్లో ఇది ఎక్కువ. మోచేయి బయటివైపు సలిపే 'టెన్నిస్ ఎల్బో' అయితే పేరుకే టెన్నిస్... వచ్చేది ఎక్కువగా రాకెట్ ముట్టనివారికే!

ఇంటిపని లెక్కలోకి రాదా?

ఆఫీసులో మంచి కుర్చీ అడిగే హక్కయినా ఉంటుంది. మరి ఇంట్లో? కూరలు తరగడం, చపాతీ పిండి పిసకడం, అంట్లు తోమడం, బట్టలు పిండడం... అన్నిటికీ మణికట్టు వంచాలి, పిడికిలి బిగించాలి. పైగా ఆదివారం సెలవు కూడా ఉండదు.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళల పరిస్థితి ఇంకా కష్టం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చేయి ఆగితే కూలీ ఆగుతుంది. అలాంటివారికి 'విశ్రాంతి తీసుకోండి' అన్న సలహా ఒక్కటే ఏం సరిపోతుంది? అంట్లూ బట్టలూ ఇంట్లో మిగతావాళ్లు అందుకుంటే ఆ చేతులకు కొంతైనా ఊరట.

ఇలా చేస్తే మేలు

* కంప్యూటర్ ముందు భుజాలు వదులుగా, మణికట్టు తిన్నగా ఉండాలి. మోచేయి ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. మౌస్ కీబోర్డు పక్కనే పెట్టుకోవాలి.

* అరగంటకోసారి ఒకటి రెండు నిమిషాలు చేతులు వదులుగా దించి, వేళ్లు చాపి ముడవాలి.

* ఫోన్లో అస్తమానం ఒక్క బొటనవేలితోనే టైపు చేయొద్దు. పెద్ద కబురైతే మాట్లాడేయడమే సుఖం.

* కూరగాయల కత్తి పదునుగా ఉండాలి. మొద్దు కత్తితో చేతికి రెట్టింపు శ్రమ. పిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేయండి.

* తడి దుప్పట్లను మెలిపెట్టి పిండకుండా తీగమీద వేసి నీళ్లు కారనివ్వండి.

* తరగడం, పిసకడం, తోమడం వరసగా పెట్టుకోకుండా మధ్యలో చేతికి శ్రమలేని పని చేయండి.

* బిడ్డను చంకల కింద చేతులు పెట్టి ఎత్తే బదులు, అరచేతులు పిరుదుల కిందా, వీపు కిందా వేసి ఎత్తండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

తిమ్మిరి రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, రాత్రిళ్లు నిద్ర లేపుతున్నా, వస్తువులు చేజారుతున్నా, బొటనవేలి అడుగున కండ పలచబడినా ఆలస్యం చేయొద్దు. మెడ దగ్గర నరం ఒత్తుకున్నా ఇలాంటి తిమ్మిరే వస్తుంది కాబట్టి సొంత వైద్యం పనికిరాదు. అవసరమైతే నరాల పరీక్ష చేయిస్తారు. తొలిదశలో రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. తగ్గకపోతే ఇంజక్షన్, ఆ తర్వాతే ఆపరేషన్. అయితే నరం ఏళ్లతరబడి నలిగిపోతే, ఆపరేషన్ చేసినా స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. తొందరపడాల్సింది అందుకే.

ఇకమీదట ఇంట్లో ఎవరైనా 'చేయి లాగుతోంది' అంటే బామ్ సీసా ఇచ్చి ఊరుకోకండి. ఆ చేతిలో ఉన్న పనిని కాసేపు మీరు అందుకోండి!