ఉద్దెర లెక్క తేలితేనే లాభం

టేకుమట్ల: 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో మండల కేంద్రమైన టేకుమట్లలో చిరువ్యాపారాలకు పంటే ఆధారం. జూన్‌లో విత్తనాలు వేసింది మొదలు పత్తి, వరి చేతికొచ్చే నవంబరు వరకు రైతు వద్ద నగదు అంతంతమాత్రమే. ఆ అయిదు నెలలూ దుకాణాలు ఎక్కువగా ఉద్దెర మీదే నడుస్తాయి. వ్యాపార ప్రణాళిక ఇక్కడి నుంచే మొదలు కావాలి.

నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీపై రూ.లక్ష తెచ్చి సరుకు నింపి, పది శాతం లాభంతో ఉద్దెర ఇచ్చారనుకుందాం. అయిదు నెలల వడ్డీ రూ.10 వేలు. వచ్చే లాభమూ రూ.10 వేలే. ఒక్క ఖాతా మొండిబకాయి అయినా అసలుకే ఎసరు.

అందుకే సాగు మొదలవక ముందే ఉద్దెరకు మొత్తం ఎంత, ఒక్కో ఇంటికి ఎంత, వసూలుకు గడువేమిటి అన్నవి నిర్ణయించుకోవాలి. ఇంటి ఖర్చును గల్లాపెట్టె లెక్కలో కలపరాదు. అప్పు తప్పనిసరైతే 2015లో ప్రారంభమైన ముద్ర పథకంలోని శిశు విభాగం కింద రూ.50 వేల వరకు పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం కోరవచ్చు. ఉద్యం నమోదుకు రుసుము లేదు.

నిరుడు ఏ నెలలో ఏ సరుకు కదిలిందో, ఎవరి బాకీ నిలిచిందో ఖాతా పుస్తకమే చెబుతుంది. కొత్త సరుకు తెచ్చే ముందు ఆ పుటలు తిరగేయడం శ్రేయస్కరం.