మీకు తెలుసా? చేప పొలుసులోనూ మన ఎముక ఖనిజమే!

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె చేపల పొలుసుల్లో హైడ్రాక్సీఅపటైట్ ఉంటుంది. మన ఎముకకు గట్టిదనాన్నిచ్చేదీ ఆ కోవ ఖనిజమే. తుంటి మార్పిడిలో అమర్చే లోహపు కాడలు ఎముకతో అతుక్కునేలా వాటిలో కొన్నిటికి హైడ్రాక్సీఅపటైట్‌నే పూతగా వేస్తారు.

• ఊడి రాని టైటానియం: 1952లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోయారు. అది రాలేదు. ఎముక దానికి గట్టిగా అతుక్కుపోయింది.

• పూత ఎలా వేస్తారు? ఖనిజం పొడిని ప్లాస్మాలోకి, అంటే విద్యుదావేశం పొందిన అతి వేడి వాయువులోకి పంపుతారు. కరిగిన రేణువులు వేగంగా లోహాన్ని తాకి, అక్కడే గడ్డకడతాయి. మందం సుమారు 50–150 మైక్రోమీటర్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుకంత. మరీ మందమైతే పెచ్చులూడే ప్రమాదం ఉంది.

• లోపల ఏం జరుగుతుంది? పూతలోని కాల్షియం, ఫాస్ఫేట్ కొద్దికొద్దిగా కరుగుతాయి. ఎముక కణాలు ఆ ఉపరితలాన్ని పట్టుకుని కొత్త ఎముకను పేరుస్తాయి. తుంటి మార్పిడిలో ఈ పూత వాడకం 1980లలో మొదలైంది.

• పొలుసు నుంచి పొడి: శీలావతి పొలుసులను శుద్ధిచేసి, కొలిమిలో కాల్చి ఈ ఖనిజాన్ని రాబట్టవచ్చని మన దేశంలోని ప్రయోగాల్లోనే తేలింది. అయితే పూతలకు ఎక్కువగా వాడేది రసాయనికంగా తయారుచేసిన పొడినే.

• చదువు దగ్గర్లోనే: ఇలాంటి లోహాలు, పదార్థాల గురించి చదవాలనుకునేవారికి, 2015లో మొదలైన తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ విభాగం ఉంది.