మీ ఒంటికి తగిన సాహసం ఏది? నాలుగు అంకెలతో తేల్చుకోండి

సాహస యాత్రల ప్రకటనల్లో ‘ఈజీ’, ‘మోడరేట్’, ‘డిఫికల్ట్’ అని మూడు ముద్రలు కనిపిస్తాయి. ఈజీ అంటే ఎవరికి ఈజీ అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తే పాతికేళ్ల కుర్రాడికా, మోకాళ్ల నొప్పులున్న యాభై అయిదేళ్ల పెద్దమ్మకా? అందుకే డబ్బు కట్టే ముందు టూర్ నిర్వాహకుణ్ణి నాలుగు అంకెలు అడగండి. ఒక రోజులో ఎంత ఎత్తు ఎక్కాలి? రాత్రి ఎంత ఎత్తున పడుకోవాలి? అక్కడ రాత్రి చలి ఎన్ని డిగ్రీలు? ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి ఎన్ని గంటల్లో చేరగలం? వీటికి జవాబు చెప్పలేని వాళ్లతో వెళ్లకపోవడమే మేలు.

మొదటి అంకె నుంచి మొదలుపెడదాం. మన ఇళ్లలో ఒక అంతస్తు ఎత్తు సుమారు 3 మీటర్లు. ఏ కొండదారి గురించి విన్నా, ఎక్కాల్సిన మీటర్లను 3తో భాగిస్తే అది ఎన్ని అంతస్తుల మేడో తెలిసిపోతుంది. ఎంతసేపు పడుతుందో చెప్పడానికి మరో లెక్క ఉంది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రమది: ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలపాలి. ఇందులో విశ్రాంతి లేదు, ఫొటోల కోసం ఆగడం లేదు. నడక అలవాటున్న మనిషి ఆగకుండా వెళితే పట్టే సమయమిది. అలవాటు లేనివాళ్లు దానికి ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి.

ఎక్కడం అసలు అవసరం లేని చోటుతో ప్రారంభించాలనుకునేవారికి నంద్యాల జిల్లాలోని బేలం గుహలు మంచి ఎంపిక. గుర్తించిన పొడవు 3,229 మీటర్లు, సందర్శకులు తిరగగలిగేది సుమారు కిలోమీటరున్నర. లోపల అన్నింటికన్నా లోతైన చోటు 46 మీటర్లు, అంటే పదిహేను అంతస్తులు కిందికి దిగినట్టు. దీపాలున్నాయి, దారి ఉంది, పిల్లలతో వెళ్లవచ్చు. అయితే లోపల ఉక్కపోత ఎక్కువ. ఆయాసం ఉన్నవాళ్లు తొందరపడకుండా, నీళ్ల సీసా చేతిలో ఉంచుకుని నడవాలి. ఇరుకు చోట్లంటే మీకు భయం ఉందో లేదో తక్కువ ఖర్చుతో ఇక్కడే తెలుస్తుంది.

తర్వాతి మెట్టుకు కొలబద్ద మనకు తెలిసిందే: అలిపిరి నుంచి తిరుమలకు కాలినడక. మెట్లు 3,550, దారి దాదాపు 9 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు ఇంచుమించు 700 మీటర్లు. అంటే 230 అంతస్తులు పైమాటే. నైస్మిత్ లెక్కన సుమారు మూడు గంటలు. మీరు అయిదు గంటల్లో ఎక్కి, మర్నాడు కాళ్లు పట్టేయకుండా లేచి తిరగగలిగితే తొలి హిమాలయ ట్రెక్‌కు మీ కాళ్లు సిద్ధంగా ఉన్నట్టే. భక్తితో ఎక్కే కొండను పరీక్షగా చూడటం తప్పు కాదనే నా ఉద్దేశం. నడుస్తున్నంతసేపూ మన ఒంటి సంగతి మనకు అంత స్పష్టంగా తెలిసే చోటు ఇంకొకటి లేదు. శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లే కదా అని దాన్ని తేలిక అనుకోకండి. అంత కురచ దారిలో 2,388 మెట్లున్నాయంటే నిలువు ఎంతో ఊహించండి.

ఎత్తులు లేకపోతే ప్రమాదం లేనట్టేనా? కాదు. మన యాత్రికుల ప్రాణాలు తీస్తున్న వాటిలో కొండల కన్నా నీటిని చూసి నేను ఎక్కువ భయపడతాను. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి జిల్లాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్లేమీ శిఖరాలు ఎక్కలేదు, పడవలు నడపలేదు. ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగారు. పైన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీరు వచ్చిపడింది. అందుకే పైన డ్యామ్ ఉన్న నదిలో, ఎంత ప్రశాంతంగా కనిపించినా, స్థానికులు దిగని చోట దిగవద్దు. అడవి జలపాతాల కింది గుండాలకూ ఇదే మాట. పైన ఎక్కడో కురిసిన వాన మనకు కనిపించదు, దాని నీరు మాత్రం మన దగ్గరికే వస్తుంది.

నీటి మీదే సరదా తీర్చుకోవాలంటే దానికీ అంకెలున్నాయి. నదిలో నీరు రాళ్ల మధ్య ఉరవడిగా, నురగలు కక్కుతూ పారే చోటును ర్యాపిడ్ అంటారు. వాటిని 1 నుంచి 6 వరకు వర్గాలు చేశారు: 1 అంటే చిన్న అలలు, 6 అంటే ఆరితేరినవాళ్లు కూడా వెనకాడేది. రిషికేశ్‌లో బ్రహ్మపురి నుంచి దిగే 9 కిలోమీటర్ల దారి ఈత రానివారు కూడా లైఫ్ జాకెట్‌తో వెళ్లగలిగేది. శివపురి నుంచి 16 కిలోమీటర్లది, మూడో వర్గం ర్యాపిడ్లతో, కాస్త ధైర్యం కావాల్సినది. కౌడియాల నుంచి దాదాపు 36 కిలోమీటర్లు వచ్చే దారిలో నాలుగో వర్గం ర్యాపిడ్ ఉంది. మొదటిసారే దానికి వెళ్లమని నేను చెప్పను. వర్షాకాలంలో అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు. ఆ రోజుల్లో ఎవరైనా తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు రెండో అంకె. నా దృష్టిలో నాలుగింటిలో ఇదే ముఖ్యం, అందరూ అడగడం మరిచిపోయేదీ ఇదే. రాత్రి ఎంత ఎత్తున పడుకుంటాం? పైకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం మారదు, విశాఖ బీచ్‌లోనూ ఎవరెస్ట్ మీదా అది 21 శాతమే. గాలి ఒత్తిడి తగ్గడంతో ఒక్కో ఊపిరిలో అందే గాలే పలచబడుతుంది. విశాఖలో 100 ఊపిరులతో అందే ఆక్సిజన్ కోసం 3,500 మీటర్ల ఎత్తులోని లేహ్‌లో సుమారు 154 ఊపిరులు కావాలి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌లో 190 దాకా, శిఖరం మీద 300 దాకా కావాలి.

ఒళ్లు దీనికి సర్దుకోగలదు, కానీ రోజులు పడుతుంది. సర్దుకోకముందే పైకి పోతే వచ్చే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి, నిస్సత్తువలను ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అంటారు, తేలికగా చెప్పాలంటే ఎత్తు జబ్బు. వైద్యులు చెప్పే నియమం ఒకటే: 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కన్నా పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు అదే ఎత్తున ఆగాలి. పగలు ఇంకా పైకి వెళ్లి రావచ్చు, రాత్రికి మాత్రం కిందికి దిగి పడుకోవాలి.

ఈ నియమం చేతిలో ఉంటే ప్యాకేజీలను మీరే తూచవచ్చు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ, తొలి మంచు ట్రెక్ కోరేవారికి అందరూ చెప్పే పేరు. శిఖరం 3,810 మీటర్లు. సుమారు 1,920 మీటర్ల ఎత్తులోని సాంక్రీ గ్రామం నుంచి 630 అంతస్తులు, కానీ అది మూడు రోజులకు పంచి ఉంటుంది. రాత్రి మకాం మొదట 2,770 మీటర్ల దగ్గర, తర్వాత 3,430 దగ్గర. ఆ రెండో పెంపు నియమాన్ని కాస్త దాటుతోంది, గమనించారా? అందుకని అక్కడ తలనొప్పి తగ్గకపోతే శిఖరాన్ని వదిలేసి దిగిపోవాలి. ఇక మూడో అంకె, చలి: ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 3,810 మీటర్లకు ఎత్తు వల్లనే దాదాపు 25 డిగ్రీల తగ్గుదల. విజయవాడలో కొన్న స్వెట్టర్ ఒక్కటే అక్కడ చాలదు.

మన పెద్దవాళ్లు ఎక్కువగా వెళ్లే కేదార్‌నాథ్‌ను ఏ ప్రకటనా సాహసయాత్ర అనదు. అంకెలు మాత్రం అంటున్నాయి. గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్లు, దాదాపు 1,600 మీటర్ల ఎక్కుడు, అంటే ఒక్క రోజులో తిరుమల నడకకు రెండింతల ఎత్తు. గుడి 3,583 మీటర్ల దగ్గర ఉంది, లేహ్ కన్నా కొంచెం పైనే. హెలికాప్టర్‌లో వెళితే కాళ్లకు శ్రమ తప్పుతుంది, ఊపిరికి తప్పదు. పైగా నిమిషాల్లో ఆ ఎత్తుకు చేరడంతో ఒంటికి సర్దుకునే వ్యవధే ఉండదు. గుండె జబ్బు, ఆస్తమా, రక్తపోటు ఉన్నవాళ్లు బయల్దేరే ముందు డాక్టరుతో మాట్లాడాలి. గుప్తకాశీలోనో సోన్‌ప్రయాగలోనో ఒక రాత్రి ఉండి ఎక్కితే మంచిది. అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. నిర్వాహకులు అడగని చోటా అమ్మానాన్నలకు అలాంటి పరీక్షలు చేయించి పంపడం పిల్లల బాధ్యత.

లేహ్ దగ్గరికి వస్తే, విమానంలో దిగి కారులో తిరిగేదానికి సాహసం ఎక్కడుందని అడగవచ్చు. ఢిల్లీ ఎత్తు 216 మీటర్లు. గంటన్నరలోపు విమానం మిమ్మల్ని 3,500 మీటర్ల దగ్గర దింపుతుంది. మొదటి 48 గంటలు గదిలో, ఊళ్లో మెల్లగా గడపడమే అసలు పని. అవి వృథా అని చెప్పే ప్యాకేజీని పక్కన పెట్టండి. ఆ తర్వాత నుబ్రా లోయ ముందు, పాంగాంగ్ వెనుక పెట్టుకోండి. నుబ్రాలో హుండర్ సుమారు 3,100 మీటర్లే, లేహ్ కన్నా తక్కువ. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్ల పైన. నుబ్రాకు వెళ్లేటప్పుడు 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ దాటాలి, కానీ అక్కడ పది పదిహేను నిమిషాలకు మించి ఆగనక్కర్లేదు. ఎత్తు జబ్బుకు ముందుజాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ మాత్రను డాక్టరు రాసిస్తేనే వాడాలి, కొందరికి అది పడదు.

పై మెట్టు ఎవరెస్ట్ బేస్ క్యాంప్. వెళ్లి రావడం 130 కిలోమీటర్లు, 12 నుంచి 14 రోజులు. దీన్ని మంచి షెడ్యూల్‌కు నమూనాగా చూడవచ్చు. 2,860 మీటర్ల లుక్లాలో దిగి, 3,440 మీటర్ల నామ్చేలో రెండు రాత్రులు, తెంగ్‌బోచేలో ఒకటి, 4,410 మీటర్ల డింగ్‌బోచేలో మళ్లీ రెండు. అలా మెల్లగా 5,364 మీటర్లకు చేరతారు. ఎనిమిది రోజులు ఎక్కి మూడు నాలుగు రోజుల్లో దిగిపోతారు. ఆరు రోజుల్లో పైకి తీసుకెళ్తాం, ఖర్చు తక్కువ అంటే, ఆ తగ్గిన డబ్బు మీ విశ్రాంతి రోజుల నుంచి కోసిందని అర్థం. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో శిఖరాన్నే ఎక్కింది కదా, మనకేం కష్టం అనిపించవచ్చు. ఆమెకు నెలల తరబడి కఠిన శిక్షణ ఇచ్చారన్నది మరవొద్దు. బేస్ క్యాంప్‌కు శిఖరారోహకుల శిక్షణ అక్కర్లేదు గానీ, మూడు నాలుగు నెలలు వారానికి నాలుగైదు రోజులు నడక, మెట్లు ఎక్కడం కావాలి.

ఎంత ఆరోగ్యవంతులైనా ఎత్తు జబ్బు రావచ్చు, యువకులనీ వదలదు. కూర్చున్నా ఆయాసం వస్తోందా, దగ్గు ఆగడం లేదా, మనిషి గీత మీద మడమకు వేళ్లు ఆనిస్తూ నడవలేక తూలుతున్నాడా? ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందని గుర్తు. తెల్లారేదాకా చూద్దాం అనకుండా అప్పటికప్పుడు కిందికి దింపాలి. 500 నుంచి 1,000 మీటర్లు దిగినా చాలామందిలో తేడా కనిపిస్తుంది.

చివరి అంకె ఇక్కడే పనికొస్తుంది. తిరుమల దారిలో సాయం నిమిషాల్లో అందుతుంది. కేదార్‌కంఠ పై మకాం నుంచి సాంక్రీకి దిగి, అక్కడి నుంచి వాహనంలో పెద్ద ఆసుపత్రికి చేరేసరికి రోజంతా పట్టవచ్చు. నేపాల్‌లో పై మకాముల నుంచి హెలికాప్టరే దిక్కు, దాని ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందుకని బీమా పాలసీలో ‘హెలికాప్టర్ తరలింపు’ ఉందా, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుంది అని చదివి చూడండి. కొన్ని పాలసీలు 4,000 దగ్గరే ఆగిపోతాయి. లుక్లా విమానాలు మబ్బు పట్టినా రద్దవుతాయి. తిరుగు టికెట్‌కు, ఆఫీసులో మళ్లీ చేరే తేదీకి మధ్య రెండు రోజులు ఖాళీ పెట్టుకుని సెలవు రాయండి.