మాట పోయిన టెలిఫోను

ఫోనెత్తి మాట్లాడకపోతే ఎవరికైనా కోపం వస్తుంది. మాట్లాడినా వినబడకపోతే తప్పెవరిదండీ? ఈ ప్రశ్న 2020లో మా ఆఫీసులో ఒక పెద్దమనిషి జీతం మీదికి తెచ్చింది.

మాది విజయవాడలో మందుల హోల్‌సేలు కొట్టు. ఫోన్ల సంగతి చూసేది నేను. మా మాటలన్నీ ఇంటర్నెట్టు మీదనే పోతాయి. మూల గదిలో ఆస్టరిస్క్ సర్వరు వుండి, ఎవరిని ఎవరికి కలపాలో చూస్తుంది. మార్చిలో లాక్‌డౌన్ రాగానే మా పెద్ద గుమాస్తాగారు తెనాలిలో ఇంటివద్దే వుండిపోయారు. ఆఫీసుకు వచ్చే పిలుపు ఆయన సెల్లులో మోగేటట్లు ఒక సాఫ్ట్‌ఫోను పెట్టించాను. మోగింది. నేను మీసం మెలేశాను.

నాలుగు రోజులకు షావుకారుగారు పిలిచి, "ఆయన ఫోనెత్తి నోరు మెదపడటయ్యా! ఇన్సులిన్ కోసం ఇద్దరు చేసి, విసిగి పెట్టేశారు. ఇలా అయితే జీతం ఇచ్చేది లేదు" అన్నారు.

గుమాస్తాగారిని అడిగితే ఆయన గొంతు వణికింది. "వాళ్ళు హలో హలో అనడం వినబడుతూనే వుంది బాబూ. నేను అరుస్తూనే వున్నాను. కావలిస్తే మా ఇంట్లోవాళ్ళను అడుగు."

అప్పటికి గాని నాకు అనుమానం రాలేదు.

ఈ ఫోన్లలో గంట మోగించడం ఒకరి పని, మాట మోయడం మరొకరి పని. మొదటి దాన్ని సిప్ అంటారు; దాని నిబంధనలకు ఇప్పటి రూపం 2002లో వచ్చింది. మాట మోసే బంట్రోతు ఆర్‌టీపీ. మాటను ఏ చిరునామాకు తేవాలో సిప్ ఒక చీటీలో రాసి పంపుతుంది. తంటా అంతా ఆ చీటీలోనే.

మా సర్వరు చిరునామా 192.168.1.10. ఇటువంటి నెంబర్లు ఇంటిలోపల వాడుకోవడానికే. ఎన్ని ఇళ్ళలోనైనా ఇవే వుంటాయి. బయటికి పోయేటప్పుడు రూటరు కవరు మీద వీధి చిరునామా వేస్తుంది గాని, లోపలి చీటీ దిద్దదు. (సిప్ ఏఎల్‌జీ అని, దిద్దబోయే రూటర్లూ వున్నాయి. అవి తరచు తప్పే దిద్దుతాయి. దాన్ని ఆపి వుంచడం క్షేమం.) "నడవ పక్క గదికి పంపవలెను" అని తెనాలికి రాస్తే ఏమవుతుంది? గుమాస్తాగారి మాట ఆయన గడపే సరిగా దాటలేదు. ఆయన ఫోను మాత్రం స్టన్ అనే సర్వరునడిగి తన వీధి చిరునామా తెలుసుకుని రాసింది. అంచేత ఇక్కడి మాట అక్కడికి చేరింది.

ఆ రాత్రి సర్వరుకు రెండు ముక్కలు చెప్పాను: ఆఫీసు వీధి చిరునామా ఏది, లోపలివాళ్ళెవరు. అది లోపలి ఫోన్లకు గది నెంబరూ, బయటివాటికి వీధి చిరునామా ఇవ్వసాగింది. రూటరులో సిప్‌కు ముందే తెరిచిన 5060తో పాటు, మాటకు 10000 నుంచి 20000 వరకు పోర్టులు సర్వరు వైపు తెరిచాను. అదీ తొందరపాటే! ఊరూ పేరూ లేనివాళ్ళు తెల్లవార్లూ పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు తట్టారు. తరువాత అవి మూసి వీపీఎన్ పెట్టాను. దానితో తెనాలి ఫోను కూడా లోపలిదే అయింది.

తప్పు నాదేనని షావుకారుగారికి చెప్పాను. ఆయన నమ్మక, స్వయంగా ఆఫీసు నెంబరుకు చేశారు.

"నమస్కారమండీ, ఏ మందు కావాలి?" అన్నది తెనాలి గొంతు.

షావుకారుగారు కాస్సేపు ఏమీ మాట్లాడలేదు. లైను బాగానే వుంది.